బేచిరాగ్: పాత నక్షాల్లో మా జాడలు

"మీరెక్కడి నుంచి వచ్చారు?"

ఈ ప్రశ్న మాకు కొత్త కాదు. బడిలో అడిగారు. కిరాయికి ఇల్లు వెతుక్కుంటుంటే అడిగారు. 1992 డిసెంబర్ తర్వాత గొంతు మార్చి అడిగారు. మంచిగా అడిగినవాళ్లకు మాలో కొందరు అరేబియా అని చెప్పి మురిసిపోయారు. ద్వేషంతో అడిగినవాళ్లు మా జవాబు కోసం ఆగలేదు, పాకిస్తాన్ అని వాళ్లే చెప్పేసుకున్నారు. ఈ రెండు జవాబుల్లోనూ మా ఊరు లేదు. చెరువు కింది రెండెకరాల తరి లేదు. గుట్ట పక్కన ఖబరస్తాన్ లేదు. పీర్ల కొట్టం ముందు అలావా గుండం లేదు.

చరిత్ర పుస్తకాల్లో వెతికితే మాకు సుల్తానులు కనిపించారు, నవాబులు కనిపించారు. దూది ఏకేవాళ్లు, బండి తోలేవాళ్లు, గాజులమ్మేవాళ్లు, కౌలుకు దున్నేవాళ్లు ఏరి? నల్లగొండ జిల్లాలాంటి చోట ముస్లింల్లో ఎక్కువమంది వీళ్లే కదా. అందుకే మేం సింహాసనాల చరిత్రను పక్కనబెట్టి రెవెన్యూ నక్షాలు విప్పాం. ఇంటి చరిత్రను గెట్ల వెంట, బాటల వెంట వెతకడం మొదలుపెట్టాం. ఆ పని ఎలా చేయొచ్చో, అందులో ఏం దొరుకుతుందో, ఏం దొరకదో ఇక్కడ చెప్పదలచుకున్నాం.

ముందు నక్షా భాష వినండి. నక్షా, జిల్లా, తాలూకా, మౌజా, తహశీల్, రకబా, జమాబందీ, సరిహద్దు, ఖుష్కి, తరి, కిస్తు, దస్తావేజు, రైతు. అన్నీ అరబీ, ఫార్సీల నుంచి వచ్చి తెలుగువాడి నాలుక మీద స్థిరపడిన మాటలే. 'రైతు' అనకుండా ఈ నేల మీద ఏ నాయకుడి ఉపన్యాసమూ సాగదు. ఆ మాటను ఎక్కడి నుంచి వచ్చావని ఎవరూ అడగలేదు. ఆ మాట వెంట ఉన్న మనుషుల్నే అడుగుతున్నారు.

ఇంకో మాట ఉంది. షజ్రా. చెట్టు అని దాని మూలార్థం. మన ఇళ్లల్లో షజ్రా అంటే వంశవృక్షం. ఉత్తరాది రెవెన్యూ లెక్కల్లో షజ్రా అంటే ఊరి నక్షా. ఒకే మాట ఇంటికీ ఊరికీ సరిపోయింది. మేం చేస్తున్న పని ఈ రెండు షజ్రాలను పక్కపక్కన పరిచి చూడడమే.

ఈ నక్షాలు మన కోసం గీసినవి కావు. 1790లలో కాలిన్ మెకంజీ నిజాం రాజ్యంలో కంపెనీ సైన్యం తరఫున సర్వే చేస్తూ తిరిగాడు. ఏలూరుకు చెందిన కావలి సోదరులు ఆయన వెంట ఉండి ఊరూరా కైఫియతులు, శాసనాలు సేకరించారు. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ త్రికోణమితి సర్వేకు శ్రీకారం చుట్టాడు. ఫౌజు ఏ బాటన నడవాలి, ఏ నది ఎక్కడ దాటాలి, ఏ ఊరి నుంచి ఎంత శిస్తు వస్తుంది అన్నవే వాళ్ల ప్రశ్నలు. నిజాం రాజ్యంలో మొదటి సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ చేసి జిల్లాలేర్పరిచాడు. 1870లలో బొంబాయి పద్ధతిలో పొలాల కొలత మొదలైంది. అదీ శిస్తు కోసమే. దొర అవసరానికి గీసిన గీతలో మన తాతల అడుగులు వెతుక్కోవాలంటే ఆ గీతను కొంచెం ఎదురు చదవాలి.

నిజాం ఇలాకాలో ఇంటి చరిత్ర వెతికేవాళ్లు మొట్టమొదట తేల్చుకోవాల్సింది తమ ఊరు దివానీదా, జాగీరా, సర్ఫేఖాసా, సంస్థానమా అన్నది. 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా ఒక్కో రకం ఊరికి ఒక్కో దఫ్తరం. ఆ తర్వాత ఊరి నక్షా. అందులో ఆబాదీ, చెరువు, శికం, నాలా, బండ్ల బాట, సర్వే నంబర్లు ఉంటాయి. ఒక్కో నంబరుకు టిప్పన్ ఉంటుంది. అది ఆ చెలక ఆకారాన్ని కొలతలతో సహా చూపే చిన్న పటం. 33 అడుగుల గొలుసుతో కొలిచారు, గొలుసుకు 16 అణాలు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న జాగా ఒక గుంట. 40 గుంటలు ఎకరం. ఇది తెలిస్తే టిప్పన్ మీది అంకెలు మాట్లాడతాయి. టిప్పన్‌తో సేత్వార్ కలిపి చూడాలి. ఏ నంబరు ఎవరి పేరున, ఎంత రకబా, ఎంత శిస్తు అనేది అందులో ఉంటుంది.

ఈ కాగితాల మీది సంవత్సరాలు ఫస్లీ. దానికి 590 కలుపుకుంటే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. 1357 ఫస్లీ అంటే 1947-48. భాష ఉర్దూ, రాత గొలుసుకట్టు. ఇక్కడే మాకు చురుక్కుమంటుంది. మా ఇళ్లల్లో ఉర్దూ మాట్లాడతాం గాని ఈ తరంలో చదవగలిగినవాళ్లు తక్కువ. దూదేకుల ఇళ్లల్లో మాట్లాడేదీ తెలుగే. ఈ నక్షాలను తడుముకోకుండా చదివినవాళ్లలో చాలామంది పాతకాలపు బాపన పట్వారీలు. ఉర్దూ ముస్లింల భాష, తెలుగు హిందువుల భాష అని గీత గీసినవాళ్లు ఒక్కసారి ఆ దఫ్తరాలు చూడాలి. 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయింది. ఉర్దూ చదివే ఆ కళ్లు కూడా దాదాపు దాటిపోయాయి.

ఇనాం ఉన్న ఇళ్లకు దారి కొంత సులువు. మసీదులో బాంగు ఇవ్వడానికి, ఆషుర్‌ఖానాలో పీర్లను లేపడానికి, దర్గాలో దీపం పెట్టడానికి, ఖాజీ పనికి ఇచ్చిన భూముల్ని మష్రూతుల్ ఖిద్మత్ అన్నారు. సేవ చేస్తేనే భూమి. ఆ హక్కు మీద విచారణ జరిగితే ముంతఖబ్ అనే ఉత్తరువు వచ్చేది. అందులో మొదట పొందినవాడెవరు, తర్వాత వారసులెవరు అని వరసగా ఉంటుంది. కోస్తా, సీమ జిల్లాల వాళ్లకు దీనికి సాటి వచ్చేది 1850ల చివర్లో మొదలైన ఇనాం కమిషన్ రిజిస్టరు. అక్కడి పొలం పటాలు వేరు, గొలుసూ వేరు. 66 అడుగుల గొలుసుకు 100 లింకులు.

ఊరి నక్షా మీద మన ఇల్లు దొరక్కపోవచ్చు. ఇంకాస్త ఎత్తు నుంచి చూడండి. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల అంగుళానికి మైలు షీట్లలో నల్లగొండ ప్రాంతం 56 ఓ, 56 పి గడుల్లోకి వస్తుంది. వాటిలో గుడికి, మసీదుకు, ఈద్గాకు, సమాధులకు వేర్వేరు గుర్తులున్నాయి. ఊరికి పడమర ఒంటరిగా ఈద్గా గుర్తు, దాని పక్కన ఇప్పుడు మాయమైన బండ్ల బాట కనిపిస్తాయి. ఆ బాట ఏ ఊళ్లను కలిపిందో చూస్తే మన నానీమా ఏ ఊరి నుంచి పెళ్లయి వచ్చిందో, ఆ సంబంధం ఎందుకు కుదిరిందో అర్థమవుతుంది. నక్షా మీద రిష్తాలు ఉండవు. అవి నడిచిన బాటలుంటాయి.

పేర్లతో మాత్రం జాగ్రత్త. ఈ జిల్లా పహాణీల్లో సైదులు అన్న పేరు చూసి మావాడే అనుకుంటే కుదరదు. జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కుకుని పుట్టిన బిడ్డలకు కులం మతం లేకుండా ఆ పేరు పెట్టారు. తండ్రి పేరు చూడాలి, పక్క నంబరు చూడాలి, పీర్ల కొట్టం ఎంత దూరమో చూడాలి. అప్పటికీ తేలకపోవచ్చు. తేలకపోవడం కూడా ఒక చరిత్రే. రేపు ఎవరైనా పేర్లను బట్టి మనుషుల్ని రెండు కుప్పలుగా పోయాలని చూస్తే నల్లగొండ పహాణీ వాళ్లకు లొంగదు.

మాలో మేం చెప్పుకునే గొప్పలకూ నక్షా లొంగదు. మా పెద్దలు గుర్రాల మీద ఇరాన్ నుంచి వచ్చారని చెప్పే ఇంటి భూమి, నాలుగు తరాలుగా మాదిగవాడ పక్కన ఊరి పనివాళ్ల చెలకల నడుమ కనిపిస్తుంది. అందులో సిగ్గుపడాల్సిందేముంది? ఈ మట్టిలో పుట్టి, ఈ మట్టిలోని అంటరానితనం భరించలేక కలిమా చదివిన తాత ఉండటం మాకు గౌరవమే. అష్రాఫ్ షజ్రాలు గోడకు వేలాడదీసుకుని దూదేకులవాణ్ణి, ఫకీరును, కసబ్‌ను తక్కువ చూసే మా బీమారీకి టిప్పన్ మంచి మందు.

ఇక అసలు బరువైన మాటకొస్తాం. పాత గ్రామాల పట్టీల్లో కొన్ని ఊళ్ల పేర్లకు ఎదురుగా 'బేచిరాగ్' అని ఉంటుంది. దీపం లేని ఊరు అని అర్థం. నక్షాలో హద్దులుంటాయి, నంబర్లుంటాయి, మనుషులుండరు. కరువుకో గత్తరకో ఖాళీ అయిన ఊళ్లకు రెవెన్యూ వాళ్లు వాడిన మాట ఇది. ఊళ్లు ఖాళీ కాకపోయినా కొన్ని ఇళ్లు బేచిరాగ్ అయ్యాయి. ఆ మాట ఏ రిజిస్టరులోనూ రాయలేదు.

1948 సెప్టెంబర్ 13 నుంచి అయిదు రోజులు పోలీస్ యాక్షన్ నడిచింది. తర్వాత జరిగిన మారణకాండలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ అందరికన్నా ఎక్కువ నష్టపోయాయి. నల్లగొండ పేరూ ఆ నివేదికలో ఉంది. జనం చేతికి ఆ నివేదిక రావడానికి 2013 దాకా పట్టింది. అంతకుముందు రజాకార్లు ఈ జిల్లా పల్లెల్లో చేసిన అకృత్యాలను ఎవరూ మరిచిపోలేదు, మరిచిపొమ్మని మేమూ అనం. కానీ రజాకారు చేసినదానికి గుడిసెలోని పింజారి ఎందుకు బదులు చెప్పాలి? అదే జిల్లాలో, అప్పటి జనగామ తాలూకా కామారెడ్డిగూడెంలో, విసునూరు దేశ్‌ముఖ్‌ను భూమి కోసం కోర్టులో ఎదిరించి ప్రాణమిచ్చిన షేక్ బందగీ మావాడు కాదా? రైతుల తరఫున నిలబడ్డవాణ్ణి ముస్లింగా ఎవరూ లెక్కపెట్టలేదు. రజాకార్లను మాత్రం లెక్కపెట్టి మా ఖాతాలో రాశారు.

ఆ ఏళ్లలో మన ఊళ్లో ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. 1357 ఫస్లీకి ముందు పహాణీ ఒక పక్క పెట్టండి. 1954-55 ఖాస్రా పహాణీ ఇంకో పక్క పెట్టండి. ఊరి నక్షా మధ్యలో పరవండి. ఒక్కో నంబరూ చూసుకుంటూ పోండి. మొదటిదానిలో ఉండి రెండోదానిలో లేని పేర్లను పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. కొందరు చనిపోయి విరాసత్ అయి ఉంటుంది. కొందరు అమ్ముకుని పట్నం పోయి ఉంటారు. ఫౌతీ లేదు, విరాసత్ లేదు, అమ్మకం కాగితం లేదు, పేరు మాత్రం మారింది అన్న నంబర్లు మిగిలితే అక్కడ ఆగండి. ఊళ్లో ముసలివాళ్లను అడగండి. హిందువుల ఇళ్లల్లోనే ఎక్కువ అడగండి. మావాళ్లను గడ్డివాముల్లో దాచినవాళ్లూ, వాళ్ల భూముల్లో గెట్టు జరిపినవాళ్లూ ఒకే ఊళ్లో ఉన్నారు. రెండు కథలూ రాసుకోవాలి.

నీళ్ల కింద బేచిరాగ్ అయిన ఊళ్లూ ఉన్నాయి. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967లో కాల్వలకు నీళ్లొదిలారు. కింద లక్షల ఎకరాలు పండాయి, మంచిదే. నాగార్జునకొండ బౌద్ధ శిథిలాలను తవ్వి కొండ మీదికి చేర్చారు, అదీ మంచిదే. మునిగిన పల్లెల పీర్ల కొట్టాలను, బొడ్రాయిలను, సమాధులను ఎవరు చేర్చారు? ఆ ఊళ్ల వాళ్లకు ఫాతిహా చదవడానికి ఖబరస్తాన్ లేదు. పాత షీటు మీద చుక్కలున్నాయి. లంబాడోళ్లు, మాలమాదిగలు, ముస్లింలు అందరి ఊళ్లూ ఒకే నీలంరంగు కింద ఉన్నాయి.

నక్షాను మేం నెత్తిన పెట్టుకోవడం లేదు. భూమి ఉన్నవాడికే అందులో పేరుంది. భూమి లేనివాళ్ల కోసం వేరే కాగితాలు వెతకాలి. 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదార్ల పట్టీ అలాంటిది. దున్నిన చేతుల పేర్లు కొన్ని అందులో దొరుకుతాయి. ఆ పట్టీకీ ఎక్కని వెట్టి మనుషులు ఇంకెందరో! ఇక ఆడవాళ్లు. షరియత్ కూతురికి వాటా ఇచ్చింది. మా మగవాళ్లు విరాసత్‌లో కొడుకుల పేర్లే ఎక్కించుకున్నారు. పహాణీలో దాదీమా ఎక్కడన్నా కనిపిస్తే ఫలానా వాడి బేవాగానే కనిపిస్తుంది. ఆమె సొంత పేరు ఇంట్లో ముసలమ్మల్నే అడగాలి, వాళ్లుండగానే.

ఈ పని ఇప్పుడెందుకు? కాగితమే మనిషి అయిన రోజులొచ్చాయి గనక. అస్సాంలో 2019 ఆగస్టు 31న ప్రకటించిన పౌర జాబితాలో 19 లక్షల మందికి పైగా చోటు దక్కలేదు. వాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు, ఎక్కువమంది పేదలు. 2025 వక్ఫ్ సవరణ చట్టం వాడుక ద్వారా వక్ఫ్ అన్న భావనను ఇకముందుకు తీసేసింది. అప్పటికే రిజిస్టరైనవి ఉంటాయంది గాని, వివాదంలో ఉన్నవాటినీ ప్రభుత్వ భూమి అనేవాటినీ ఆ రక్షణ నుంచి మినహాయించింది. తరతరాలుగా మనుషుల్ని పూడ్చుకుంటూ వచ్చిన జాగాకు పాత షీటు మీది సమాధి గుర్తు ఒక సాక్ష్యం. దాన్ని భద్రపరుచుకోవాల్సిందే.

అయినా ఒక మాట గట్టిగా చెప్పదలిచాం. ఎవరో గుమ్మంలో నిలబడి రుజువు చూపమంటే చూపడానికి మేం ఈ నక్షాలు వెతకడం లేదు. నక్షాలో పేరున్నవాడు దేశస్థుడు, లేనివాడు పరాయివాడు అని మేమే ఒప్పుకుంటే మా భూమిలేని తాతల్ని మేమే దేశం దాటించినట్టు. మా పిల్లలకు తమ ఊరు తెలియాలి. మూడూళ్ల పొలిమేర ఎక్కడో, ఈద్గా బాట ఎటు పోయిందో, పక్క చెలక ఎవరిదో తెలియాలి. లౌకికవాదులైన మా మిత్రులకు కూడా ఇదే మాట. మా మీద జాలి పడకండి, మీ ఊరి నక్షా కూడా విప్పండి. మీ తాత పొలానికి నాలుగు హద్దులు రాసి ఉంటాయి. వాటిలో ఒక దిక్కున మా తాత ఉంటాడు.