అండమాన్ దీవుల పర్యటన

అండమాన్ దీవులు బంగాళాఖాతంలో, భారతదేశపు తూర్పు తీరానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో, ఉత్తర దక్షిణాలుగా వ్యాపించి ఉన్న ఉష్ణమండల ద్వీప సముదాయము. దక్షిణాన గల నికోబార్ దీవులతో కలిసి ఇవి ఒక కేంద్రపాలిత ప్రాంతం. రాజధాని పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబరులో దీని పేరు శ్రీ విజయపురంగా మార్చబడినది. పగడపు దిబ్బలు, తెల్లని ఇసుక తీరాలు, దట్టమైన అడవులు, సెల్యులార్ జైలు కారణంగా ఈ దీవులు పర్యాటక స్థలంగా ప్రసిద్ధి చెందాయి. ప్రధాన భూభాగంలోని యాత్రాస్థలాలకు వలె ఇక్కడ ప్రతి రోజుకూ కార్యక్రమాన్ని బిగించి పెట్టుకొనడం సాధ్యపడదు. ఒక దీవి నుండి మరొక దీవికి పోవడం సముద్రం అనుకూలించుటపై ఆధారపడి ఉంటుంది.

అనుకూలమైన కాలం

నైరుతి ఋతుపవనాలు భారతదేశంలో మొదట తాకేది ఈ దీవులనే. సాధారణంగా మే నెల మూడవ వారానికి, అనగా కేరళ కంటే ముందే, ఇక్కడ వర్షాలు మొదలవుతాయి. అక్టోబరు, నవంబరు నెలలు ఈశాన్య ఋతుపవనాల కాలం, తుఫానుల కాలం కూడా. ఆంధ్ర తీరాన్ని తాకే తుఫానులు అనేకం అండమాన్ సముద్ర ప్రాంతంలోనే పుడతాయి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని దెబ్బతీసిన హుద్‌హుద్ తుఫాను నాలుగు రోజుల ముందు అండమాన్ దీవులను దాటి వచ్చినదే. కావున డిసెంబరు చివరి నుండి ఏప్రిల్ వరకు గల కాలం పర్యటనకు మేలైనది. ఈ నెలలలో సముద్రం శాంతంగా, నీరు తేటగా ఉండి పగడాలు స్పష్టంగా కనిపిస్తాయి. వేసవి సెలవులలో వెళ్ళదలచిన కుటుంబాలు మే మొదటి వారంలోపు తిరిగి వచ్చేటట్లు చూసుకొనడం మంచిది.

చేరుకొనే మార్గాలు

చెన్నై, కోల్‌కాతా, బెంగళూరు, హైదరాబాదు వంటి నగరాల నుండి విమాన సౌకర్యం ఉంది. చెన్నై నుండి ప్రయాణం రెండు గంటలకు కొంచెం పైగా పడుతుంది. విమానాశ్రయపు కొత్త టెర్మినల్ 2023 జులైలో ప్రారంభించబడినది.

ఓడలు చెన్నై, కోల్‌కాతా, విశాఖపట్నం రేవుల నుండి నడుస్తాయి. విశాఖపట్నం నుండి ఓడలు అరుదు. ప్రయాణానికి రెండున్నర రోజుల వరకు పడుతుంది. బంక్ తరగతి చౌకైనది. కొంత ఖర్చు భరించగలవారికి క్యాబిన్లు ఉన్నాయి. బయలుదేరే తేదీలు చాలా ముందుగా ప్రకటించబడవు, ప్రకటించినవి కూడా మారుతుంటాయి. ఓడ ప్రయాణం చేయాలనే కోరిక ఉన్నవారు వెళ్ళేటప్పుడు ఓడలోను, తిరిగి వచ్చేటప్పుడు విమానంలోను రావడం తెలివైన పని. తలతిప్పుడు, వాంతులు వచ్చే స్వభావం గలవారు వైద్యుని అడిగి మందులు వెంట తీసుకొనవలెను.

దీవుల మధ్య ప్రయాణం

పర్యాటకులు ఎక్కువగా వెళ్ళే హేవ్‌లాక్, నీల్ దీవులకు 2018 డిసెంబరులో వరుసగా స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని పేర్లు పెట్టబడ్డాయి. వ్యవహారంలో పాత పేర్లే వినిపిస్తాయి. ప్రభుత్వ పడవలు ఫీనిక్స్ బే జెట్టీ నుండి బయలుదేరుతాయి. హేవ్‌లాక్ చేరడానికి వీటికి రెండున్నర గంటల వరకు పడుతుంది. ప్రైవేటు సంస్థల వేగపు పడవలు అంతకంటే త్వరగా చేరుస్తాయి కాని రుసుము ఎక్కువ.

వాతావరణం చెడితే ఈ పడవలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. 2016 డిసెంబరులో, తరువాత వర్దా తుఫానుగా మారిన వాయుగుండం వల్ల హేవ్‌లాక్, నీల్ దీవులలో వేయికి పైగా పర్యాటకులు కొన్ని రోజులు చిక్కుబడిపోగా, నౌకాదళం, తీరరక్షక దళం వారిని తరలించాయి. అందువలన తిరుగు విమానానికి ముందు రోజు, వీలైతే రెండు రోజులు, పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండేటట్లు ఏర్పాటు చేసుకొనవలెను. దూరపు దీవులను యాత్ర మొదటి భాగంలో చూసి, సెల్యులార్ జైలు, చిడియా టాపు వంటి నగర సమీప స్థలాలను చివరకు ఉంచుకుంటే ఇబ్బంది ఉండదు. పర్యటనకు ఆరు రోజులకంటే తక్కువ కేటాయించినవారు ఒకే దీవితో సరిపెట్టుకొనడం ఉత్తమం.

పడవ ఎక్కే ముందు అందులోని జనాన్ని గమనించడం కూడా అవసరం. 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ సమీపంలో సామర్థ్యానికి మించి జనాన్ని ఎక్కించుకొన్న పర్యాటక పడవ మునిగి ఇరవై మందికి పైగా మరణించారు. రక్షక కోటు ఇవ్వని పడవను వదులుకొనడమే క్షేమకరం.

పొద్దు

భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82°30' తూర్పు రేఖాంశం కాకినాడ సమీపం నుండి పోతుంది. పోర్ట్ బ్లెయిర్ దానికి పది డిగ్రీలకు పైగా తూర్పున ఉన్నందున, గడియారం ఒకటే అయినా, ఇక్కడ సూర్యుడు సుమారు 41 నిమిషాలు ముందుంటాడు. డిసెంబరులో సాయంత్రం ఐదు గంటలకే పొద్దు గుంకుతుంది. చిడియా టాపులో సూర్యాస్తమయం చూడదలచినవారు నాలుగున్నరకే అక్కడ ఉండాలి. ఈ కారణం చేత చూడవలసినవన్నీ ఉదయమే మొదలుపెట్టడం అలవాటు.

చూడదగిన ప్రదేశాలు

సెల్యులార్ జైలు నిర్మాణం 1896లో మొదలై 1906లో ముగిసింది. మధ్య గోపురం చుట్టూ ఉన్న ఏడు విభాగాలలో మూడు మాత్రమే మిగిలాయి. 1979లో దీనిని జాతీయ స్మారకంగా ప్రకటించారు. హేవ్‌లాక్‌లోని రాధానగర్ తీరం, నీల్ దీవిలోని సహజ శిలావంతెన పేరుగాంచినవి. శిలావంతెన వద్దకు ఆటు సమయంలోనే నడిచి వెళ్ళగలరు కనుక ఆ రోజు ఆటుపోటుల వేళలను ముందుగా విచారించుకొనవలెను. భారతదేశంలోని ఏకైక క్రియాశీల అగ్నిపర్వతం బారెన్ దీవిలో ఉంది.

కొన్ని తీరాలలో ఉప్పునీటి మొసళ్ళు సంచరిస్తాయి. 2010లో హేవ్‌లాక్ వద్ద నీటిలో ఉన్న ఒక విదేశీ మహిళను మొసలి చంపింది. హెచ్చరిక పలకలున్న చోట నీటిలో దిగరాదు.

అనుమతులు, నిషేధాలు

పోర్ట్ బ్లెయిర్, హేవ్‌లాక్, నీల్ దీవులకు వెళ్ళే భారతీయులకు ప్రత్యేక అనుమతి అవసరం లేదు. నికోబార్ దీవులకు, ఇతర గిరిజన రక్షిత ప్రాంతాలకు 1956 నాటి గిరిజన రక్షణ నిబంధనలు వర్తిస్తాయి. ఉత్తర సెంటినెల్ దీవిని సమీపించడం పూర్తిగా నిషిద్ధం. 2018 నవంబరులో అక్కడ అడుగుపెట్టిన అమెరికన్ యువకుడు మరణించాడు.

బారాటాంగ్ సున్నపురాతి గుహలకు పోయే రహదారి జరావాల అడవి గుండా సాగుతుంది. వాహనాలను గుంపుగా, కాపలాతో పంపుతారు. దారిలో ఆగడం, ఫోటోలు తీయడం, తినుబండారాలు ఇవ్వడం నేరం. జరావా స్త్రీలచేత నృత్యం చేయించిన దృశ్యాలు 2012లో బయటపడి తీవ్ర విమర్శలకు దారితీశాయి. 2013లో సుప్రీంకోర్టు కొన్ని వారాలపాటు ఈ దారిలో పర్యాటకులను నిలిపివేసింది. ఈ రహదారిపై ప్రయాణం ఇతరుల జీవితంలోనికి చొరబడటమే అనే అభిప్రాయం బలంగా ఉంది. గుహలను మానుకొన్నా పర్యటనకు లోటు రాదు.

పగడాలు, గవ్వలు ఏరి తెచ్చుకొనడం కూడా చట్టవిరుద్ధం. విమానాశ్రయంలో తనిఖీ చేస్తారు.

భాష, సౌకర్యాలు

2011 జనాభా లెక్కల ప్రకారం బెంగాలీ, హిందీ, తమిళం తరువాత తెలుగు నాలుగవ స్థానంలో, సుమారు 13 శాతంగా ఉంది. వీరిలో ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వలస వచ్చిన కుటుంబాలవారు కాబట్టి బజారులో తెలుగు వినిపించడం వింత కాదు. చెన్నై నుండి వేసిన సముద్రగర్భ తీగ 2020 ఆగస్టులో ప్రారంభమైన తరువాత అంతర్జాల సౌకర్యం మెరుగుపడినది. అయినప్పటికీ చిన్న దీవులకు వెళ్ళేటప్పుడు చాలినంత నగదు చేతిలో ఉంచుకొనవలెను.