చునార్ కోట: కథ, రాయి, చరిత్ర

ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ జిల్లాలో, వారణాసికి నైరుతి దిశగా గంగ ఒడ్డున చునార్ కోట ఉంది. పాత కోటల గురించి రెండు రకాల మాటలు వింటాం. ఒకటి స్థానికులు చెప్పుకునే కథ, రెండోది లిఖిత ఆధారాలు చెప్పే చరిత్ర. ఈ రెండింటినీ కలిపి ఎలా చదవాలో చునార్ ఉదాహరణగా పరిశీలిద్దాం.

ముందుగా పేరు సంగతి. బలి చక్రవర్తిని మూడడుగుల నేల అడిగిన వామనుడు ఒక అడుగు ఇక్కడ మోపాడనీ, అందుకే ఇది చరణాద్రి అయిందనీ, ఆ పేరే చునార్‌గా మారిందనీ స్థలపురాణం. నదిలోకి చొచ్చుకువచ్చిన ఈ కొండ ఆకారం మనిషి పాదాన్ని పోలి ఉంటుంది. అంటే కథలో ఒక పరిశీలన దాగి ఉంది. ఇది వింధ్య పర్వతాల ఇసుకరాయి. ఎన్నో కోట్ల ఏళ్ల క్రితం పేరుకున్న ఇసుక గట్టిపడి ఇలా రాయి అయింది. ఒండ్రుమట్టి గట్టును కోసినంత సులువుగా గంగ దీన్ని కోయలేదు. కొండమీద కావలి ఉన్నవాడికి నదిలో వచ్చే పోయే పడవలన్నీ కనిపిస్తాయి. కోట ఇక్కడే వెలియడానికి కారణం ఇదే. సారనాథ్‌లోని అశోకుని సింహశీర్షం కూడా చునార్ ప్రాంతపు రాతితో చెక్కినదే. అదే నేటి మన జాతీయ చిహ్నానికి మూలం.

రెండో కథ భర్తృహరిది. ఆయన సుభాషితాలు ఏనుగు లక్ష్మణకవి తెలుగు పద్యాల ద్వారా మనకు పరిచయమే. రాజ్యం వదిలి ఇక్కడ తపస్సు చేసిన భర్తృహరి కోసం తమ్ముడు విక్రమాదిత్యుడు ఈ కోట కట్టించాడని చెబుతారు. కోటలో ఆయన సమాధి అని చూపే స్థలం నేటికీ ఉంది.

మూడో కథను 1824లో ఇక్కడికి వచ్చిన బిషప్ హెబర్ నమోదు చేశాడు. కోటలోని ఒక నల్లరాతి పలకపై భగవంతుడు రోజుకు 9 గంటలు అదృశ్యంగా కూర్చుంటాడట, మిగతా 3 గంటలు కాశీలో ఉంటాడట. కాబట్టి ఉదయం 6 నుంచి 9 లోపు తప్ప శత్రువు ఈ కోటను పట్టలేడని సిపాయిల నమ్మకం.

మరి కోట ఎలా చేతులు మారింది? కోట అధిపతి తాజ్‌ఖాన్ మరణించాక, 1530 ప్రాంతంలో అతని భార్య లాడ్ మలికాను పెళ్లాడి షేర్‌ఖాన్ దీన్ని యుద్ధం లేకుండానే పొందాడు. హుమాయూన్ నెలల తరబడి ముట్టడించి 1538లో దీన్ని గెలిచాడు. ఆ వ్యవధిలోనే షేర్‌ఖాన్ సేనలు బెంగాల్ రాజధాని గౌడ్‌ను పట్టుకున్నాయి. 1539లో చౌసా వద్ద, 1540లో కనౌజ్ వద్ద హుమాయూన్ ఓడిపోయాడు. షేర్‌ఖాన్ షేర్‌షాగా ఢిల్లీ సింహాసనం ఎక్కాడు. ఒక కోట గెలిచేందుకు పోయిన కాలం రాజ్యం కోల్పోవడానికి దోహదం చేసింది. 1781లో చేత్‌సింగ్ తిరుగుబాటు వేళ వారణాసి నుంచి పారిపోయిన వారన్ హేస్టింగ్స్ తలదాచుకున్నదీ ఇక్కడే.

కథలు ఇప్పటికీ పుడుతూనే ఉన్నాయి. దేవకీనందన్ ఖత్రీ 1888లో రాసిన చంద్రకాంత నవలలో చునార్‌గఢ్ మాయల కోట. 1994లో మొదలైన దూరదర్శన్ ధారావాహిక ఆ పేరును ఇంటింటికీ చేర్చింది. రచయిత పేరు తెలిసిన కల్పన ఇది. రేపు ఆ పేరు మరచిపోతే ఇదీ స్థలపురాణం కావచ్చు.

అందుకే ఏ కోటకు వెళ్లినా అక్కడి కథను శ్రద్ధగా విందాం. అది ఎప్పటిది, ఎవరు నమోదు చేశారు, కొండా నదీ దానికి ఏం సాక్ష్యం ఇస్తున్నాయి అని అడుగుదాం. అలా అడిగితే కథకు లోటు రాదు, చరిత్రకు మేలు జరుగుతుంది.