హోసూరు కర్మాగారమున రెండు తరముల వాహనములు

ప్రాంతచరిత్ర యనగానే శాసనములను, కోటలను, పాళెగాండ్రను తలచుట మనకు వాడుక. హోసూరు, కృష్ణగిరి సీమలకు అట్టి చరిత్ర పుష్కలముగా కలదు. కాని గడచిన యేబది యేండ్లలో ఈ సీమ రూపును మార్చినది యంత్రపరిశ్రమ. కావున హోసూరున 37 ఏండ్ల యెడముతో వెలువడిన రెండు వాహనములను పోల్చి చూచుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదటిది 1980లో వెలువడిన టీవీఎస్ 50. సుందరం క్లేటన్ సంస్థ హోసూరున నెలకొల్పిన కర్మాగారమున ఇది తయారైనది. ఇద్దరు కూర్చుండదగిన మొపెడ్లలో మనదేశమున ఇదియే మొదటిది. దీనిది 50 సీసీల టూ స్ట్రోక్ ఇంజను. గేర్లు లేవు. పెడళ్లు త్రొక్కి బండిని స్టార్టు చేయవలెను.

రెండవది 2017 డిసెంబరులో విడుదలయైన అపాచీ ఆర్ఆర్ 310. దీనిది 312 సీసీల ఫోర్ స్ట్రోక్ ఇంజను, ఆరు గేర్లు, సుమారు 34 అశ్వశక్తి. ఇంజను వెనుకకు వాలియుండుట దీని విశేషము. వేగమునకును వినోదమునకును ఉద్దేశింపబడిన బండి యిది.

వేగముచేత తూచినచో మొదటిది రెండవదానికి సాటిరాదు. కాని విలాసమునకు కొలత కాలమునుబట్టి మారును. సైకిలు తప్ప వేరు వాహనమెరుగని కుటుంబమునకు 1980లో మొపెడ్డే విలాసము. పాలక్యాన్లు, పూలబుట్టలు, కూరగాయల మూటలు దానిపై సంతకు చేరినవి. నాటి విలాసము కూడుపెట్టినది. నేటి విలాసము కూడు సమకూరినపిమ్మట వచ్చినది.

ఈ రెంటి నడుమ నేర్పుయొక్క చరిత్ర యున్నది. 1982లో జపానుదేశపు సుజుకితో పొత్తు కుదిరినది. 1984లో 100 సీసీల మోటారుసైకిలు వెలువడినది. 2001లో ఆ పొత్తు విడిపోయెను. పిమ్మట సంస్థ సొంత రూపకల్పనపై నిలువవలసివచ్చెను. 2013లో జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూతో ఒడంబడిక జరిగెను. దాని ఫలముగా ఆ విదేశీసంస్థ పేరిట జి 310 ఆర్, జి 310 జీఎస్ బండ్లు హోసూరుననే తయారైనవి. 2020లో ఇంగ్లండుదేశపు నార్టన్ సంస్థను టీవీఎస్ కొనెను. ఒకనాడు విదేశములనుండి పని నేర్చిన సంస్థ ఇట్లు విదేశీసంస్థకే యజమాని యయ్యెను.

అయినను క్రొత్తది వచ్చి పాతదానిని త్రోసివేయలేదు. 2015లో ఫోర్ స్ట్రోక్ ఇంజనుతో ఎక్సెల్ 100 వెలువడి మొపెడ్ల వంశమును నిలిపినది. అవసరమును తీర్చు బండి, ముచ్చటను తీర్చు బండి ఒకే సంస్థలో ప్రక్కప్రక్కన సాగినవి.

బండ్ల లెక్కలు సంస్థల పుస్తకములలో నిలుచును. వాటిని బిగించిన చేతుల అనుభవము మాత్రము చెప్పినగాని నిలువదు. 1980లో యువకులుగా పనిలో చేరినవారు నేడు షష్టిపూర్తి దాటినవారు. తెలుగు, తమిళము, కన్నడము కలిసి వినవచ్చు ఈ సీమలో వారిలో తెలుగువారి మాటలను తెలుగుననే వ్రాసియుంచుట మన సంఘముల కర్తవ్యము. పై తరగతుల విద్యార్థులకు ఈ పని నప్పగించినచో భాషయు నిలుచును, చరిత్రయు మిగులును.