పావుగంట ఇన్‌స్టాల్ వెనక ముప్పై ఏళ్లు

ద్రాక్షారామంలో భీమేశ్వరస్వామి గుడికి వెళ్లే దారిలో ఓ డీటీపీ షాపులో ఈమధ్య ఒక వాదన నడిచింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. షాపులోని పాత కంప్యూటరు విండోస్ 11కి పనికిరాదు. ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ తెచ్చి, "పావుగంటలో ఎక్కించేస్తాను బాబాయ్" అన్నాడు. ఎక్కించాడు కూడా. "ఎక్కించావు సరేరా అబ్బాయ్, రేపు పొద్దున్నకి శుభలేఖ ఇవ్వాలి. పేజ్‌మేకర్ ఏది, అను ఫాంట్లు ఏవి?" అన్నాడు షాపాయన.

లినక్స్ సులువా కష్టమా అన్న తగువు లినక్స్ అంత పాతది. 1991లో ఫిన్లండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఇచ్చింది కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ మాత్రమే. మిగతావన్నీ ఎవరికి వారు కూర్చుకోవాలి. 1993లో వచ్చిన స్లాక్‌వేర్ ఆ కూర్పు చేసిపెట్టింది గానీ 24 ఫ్లాపీల మీద. ఒక్క ఫ్లాపీ చెడితే పని అక్కడే ఆగేది. మన దేశంలో చాలామంది 1996లో పీసీ క్వెస్ట్ పత్రికతో వచ్చిన సీడీతో మొదలుపెట్టారు. అది ఎక్కాక కూడా తెర మీద బొమ్మ రావాలంటే మానిటరు ఫ్రీక్వెన్సీలను దాని పుస్తకంలో వెతికి ఒక ఫైల్లో చేత్తో రాయాలి. అంకె తప్పితే కొన్ని పాత మానిటర్లు పాడయ్యేవి కూడా. అప్పట్లో కష్టం అన్నవాళ్లది ముమ్మాటికీ న్యాయమే.

ఆ కష్టాన్ని వాడేవాళ్ల నెత్తి మీంచి తీసి తయారుచేసేవాళ్లు మోయడం మొదలుపెట్టారు. 1999లో కాల్డెరా బొమ్మలతో నడిచే ఇన్‌స్టాలర్ తెచ్చింది. ఫైళ్లు కాపీ అయ్యేదాకా ఆడుకోవడానికి టెట్రిస్ ఆట కూడా పెట్టింది. నా లెక్కలో అసలు మలుపు 2000లో జర్మనీకి చెందిన క్లౌస్ క్నాపర్ చేసిన క్నాపిక్స్. హార్డ్‌డిస్కును ముట్టుకోకుండా సీడీ నుంచే నడిచేది, సౌండు కార్డునూ తెరనూ తనే గుర్తుపట్టేది. ఉన్నది పోతుందేమోనన్న భయం దాంతో తీరింది. 2004 అక్టోబరులో ఉబుంటు వచ్చింది, అడిగినవాళ్లకు సీడీలు ఉచితంగా ఇంటికి పంపింది. 2006 జూన్‌లో, ముందు నడిపి చూసి నచ్చితే అక్కణ్నుంచే ఎక్కించుకునే వీలు అదే సీడీలో పెట్టింది. కుర్రాడి పెన్‌డ్రైవ్ చేసేదీ అదే. ఇప్పటికీ కొన్ని ల్యాప్‌టాపుల్లో వైఫై మొదట పట్టదు. ఫోన్ను కేబుల్‌తో కలిపి టెదరింగ్ పెడితే నెట్ వస్తుంది, ఆపైన డ్రైవరు దించుకోవచ్చు.

తెలుగుకి ఇంకో మెట్టుంది. 'లక్ష్మి' అని కొడితే క, ష, మలు పొల్లులతో వరసగా ఫైల్లో చేరతాయి. వాటిని ఒత్తులుగా పేర్చే పని పాంగో, తర్వాత హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రాములు నేర్చుకున్నాయి. అక్షరాలకు దేశికాచారి పోతన, వేమన ఫాంట్లు ఇచ్చారు. 2005లో హైదరాబాదు నుంచి స్వేచ్ఛ బృందం తెలుగులో మాట్లాడే ఆపరేటింగ్ సిస్టమే తెచ్చింది. ఈ రోజు భాషల జాబితాలో 'తెలుగు' కనబడుతోందంటే అది ఇలాంటివాళ్ల చలవే.

అందుకే చదువుకునే పిల్లలకీ, ఉత్తరాలు కొట్టుకునేవాళ్లకీ లినక్స్ సులువని ధైర్యంగా చెబుతాను. డీటీపీ షాపాయన ఇబ్బంది మాత్రం ఇన్‌స్టాలర్‌తో తీరేది కాదు. అను ఫాంట్లలో తెలుగు రూపాలు ఇంగ్లిషు అక్షరాల గళ్లలో కూర్చుంటాయి. ఫాంటు లేకుండా ఫైలు తెరిస్తే వరుడి పేరున్నచోట అర్థంకాని ఇంగ్లిషు గుర్తులు కనబడతాయి. ఏళ్ల తరబడి కొట్టిన శుభలేఖలూ కార్తీకమాసం కరపత్రాలూ అలాగే ఉన్నాయి.

దారి అసలే లేదనను. పేజ్‌మేకర్ ఫైళ్లను లిబ్రే ఆఫీస్ 2015 నుంచి తెరుస్తోంది. పేజీలు కూర్చే స్క్రైబస్‌కి 2017లో మన ఒత్తులు పేర్చడం వచ్చింది, 2024 జనవరిలో 1.6తో అది స్థిరమైన వెర్షన్లోకి చేరింది. కొత్త కార్డులు అందులో చేసుకోవచ్చు. పాతవాటి కోసం ఒక విండోస్ మిషన్ను నెట్‌కి కలపకుండా ఉంచుకోవాలి. అనును యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నా ప్రూఫు చూడక తప్పదు. పేజీ అమరిక చెదరకుండా, ఒత్తు తప్పకుండా పాత ఫైలు మొత్తాన్ని మార్చిపెట్టే సాధనం డీటీపీ షాపుల చేతికి అందాలి. కాకినాడ, రాజమండ్రి కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టు వెతుక్కునే పిల్లలు దాన్ని పట్టుకుంటే, పరీక్షించుకోవడానికి ఫైళ్లు ఏ డీటీపీ షాపులో అడిగినా దొరుకుతాయి.