యూపీఐ వేగాన్ని అందుకోలేక సతమతమవుతున్న సంప్రదాయ బ్యాంకులు

యూనిఫైడ్ పేమెంట్స్ ఇంటర్‌ఫేస్ (యూపీఐ) అనేది ఒక బ్యాంకు ఖాతా నుంచి మరో బ్యాంకు ఖాతాకు మొబైల్ ఫోన్ ద్వారా తక్షణమే సొమ్ము బదిలీ చేసే వ్యవస్థ. దీనిని జాతీయ చెల్లింపుల సంస్థ (ఎన్‌పీసీఐ) నిర్వహిస్తోంది. 2025 ఆగస్టులో యూపీఐ లావాదేవీలు తొలిసారిగా ఒక్క నెలలో 2,000 కోట్లు దాటాయి. వాటి విలువ సుమారు రూ.24.85 లక్షల కోట్లు. అంటే సగటున సెకనుకు 7 వేలకు పైగా చెల్లింపులు. వినియోగదారుడి చేతిలో ఉండేది యాప్ మాత్రమే. సొమ్ము ఉండేదీ, కదిలేదీ బ్యాంకుల పద్దుల్లోనే. కాబట్టి ఈ భారమంతా చివరకు చేరేది బ్యాంకుల కంప్యూటర్ వ్యవస్థలకే.

నేపథ్యం

రిజర్వు బ్యాంకు, భారతీయ బ్యాంకుల సంఘం చొరవతో 2008లో ఎన్‌పీసీఐ ఏర్పడింది. 2010లో తక్షణ బదిలీ సేవ ఐఎంపీఎస్‌ను ప్రారంభించింది. దాని పునాదిపైనే 2016 ఏప్రిల్ 11న అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నర్ రఘురామ్ రాజన్ ముంబయిలో యూపీఐని ఆవిష్కరించారు. ప్రయోగ దశలో 21 బ్యాంకులు చేరాయి. అదే ఏడాది నవంబరులో పెద్ద నోట్ల రద్దు, ఆ తర్వాత క్యూఆర్ కోడ్ల విస్తృతి దీనిని కూరగాయల బండి వరకు చేర్చాయి.

ఒత్తిడి ఎక్కడ?

దుకాణంలో రూ.20 చెల్లించినా తెర వెనుక అనేక దశలు ఉంటాయి. యాప్ నుంచి వచ్చిన ఆదేశం దాని భాగస్వామ్య బ్యాంకు ద్వారా ఎన్‌పీసీఐకి చేరుతుంది. చెల్లించేవారి బ్యాంకు పిన్‌ను సరిచూసి ఖాతాలో ఖర్చు రాస్తుంది. పొందేవారి బ్యాంకు జమ రాస్తుంది. ఆపై ఇరువైపులా ధ్రువీకరణ సందేశాలు వెళ్తాయి. వీటిలో ఏ ఒక్క బ్యాంకు జాప్యం చేసినా చెల్లింపు నిలిచిపోతుంది.

బ్యాంకుల కోర్ బ్యాంకింగ్ వ్యవస్థలు శాఖల పనివేళలను, పరిమిత సంఖ్యలో లావాదేవీలను దృష్టిలో ఉంచుకుని రూపొందినవి. నేడు టీ ఖర్చు సైతం అదే పద్దులో అప్పటికప్పుడు నమోదు కావాలి. బ్యాంకు సాంకేతిక లోపం వల్ల విఫలమయ్యే లావాదేవీలను ‘సాంకేతిక తిరస్కరణ’లుగా, తప్పుడు పిన్, చాలని నిల్వ వంటి కారణాలతో ఆగిపోయే వాటిని ‘వ్యాపార తిరస్కరణ’లుగా ఎన్‌పీసీఐ వేర్వేరుగా లెక్కిస్తోంది.

బయటపడిన బలహీనతలు

తరచూ తలెత్తిన అంతరాయాల కారణంగా 2020 డిసెంబరులో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు కొత్త డిజిటల్ సేవలపై, ఐటీ నిర్వహణ లోపాల కారణంగా 2024 ఏప్రిల్‌లో కోటక్ మహీంద్రా బ్యాంకు ఆన్‌లైన్‌లో కొత్త ఖాతాదారులను చేర్చుకోవడంపై రిజర్వు బ్యాంకు ఆంక్షలు విధించింది. తర్వాత వాటిని ఎత్తివేసింది. 2024 జులై చివరలో చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే ఒక సంస్థపై సైబర్ దాడి జరగడంతో సుమారు 300 సహకార, గ్రామీణ బ్యాంకులను ఎన్‌పీసీఐ తాత్కాలికంగా చెల్లింపుల వ్యవస్థ నుంచి వేరు చేయాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్ 12నాటి దేశవ్యాప్త అంతరాయానికి, పాత లావాదేవీల స్థితి కోసం కొన్ని బ్యాంకులు పదేపదే పంపిన అభ్యర్థనలే కారణమని తేలింది.

రాబడి లేని భారం

2020 జనవరి 1 నుంచి యూపీఐ చెల్లింపులపై వ్యాపారుల వద్ద రుసుము వసూలు చేయరాదని కేంద్రం నిర్ణయించింది. ఇది చిరువ్యాపారులకు ఊరటనిచ్చినా, సర్వర్లపై వ్యయం చేసే బ్యాంకులకు నేరుగా ఆదాయం లేకుండా పోయింది. మరోవైపు లావాదేవీల్లో నాలుగింట మూడు వంతులకు పైగా ఫోన్‌పే, గూగుల్ పే యాప్‌ల ద్వారానే సాగుతున్నాయి. ఖాతా బ్యాంకుదైనా ఖాతాదారుడితో నిత్య సంబంధం యాప్‌దే అయింది.

2024-25కు కేంద్రం రూ.1,500 కోట్ల ప్రోత్సాహక పథకాన్ని ఆమోదించింది. ఆ ఏడాది చిరువ్యాపారులకు జరిగిన రూ.2,000 లోపు చెల్లింపులపై 0.15 శాతం ప్రోత్సాహకాన్ని నిర్ణయించారు. అయితే అందులో 20 శాతం మొత్తాన్ని, సాంకేతిక తిరస్కరణలు 0.75 శాతం కంటే తక్కువగా, వ్యవస్థ లభ్యత 99.5 శాతం కంటే ఎక్కువగా ఉండాలన్న షరతులకు ముడిపెట్టారు.

ఉపశమన చర్యలు

2022లో వచ్చిన యూపీఐ లైట్‌లో చిన్న మొత్తాలు ఫోన్‌లోని నిల్వ నుంచే వెళ్తాయి. ప్రతిసారీ కోర్ బ్యాంకింగ్‌ను తాకనవసరం లేదు. 2025 ఆగస్టు 1 నుంచి ఒక యాప్‌లో ఖాతా నిల్వను రోజుకు 50 సార్లకు మించి చూసే వీలు లేదు. ఆటోపే చెల్లింపులను రద్దీ లేని వేళలకు మార్చారు.

ఖాతాదారుడికి రక్షణ

వ్యక్తుల మధ్య బదిలీలో సొమ్ము ఖాతా నుంచి తగ్గి, అవతలివారికి జమ కాకపోతే మరుసటి రోజులోగా దానంతట అదే తిరిగి రావాలి. వ్యాపారికి చేసిన చెల్లింపు ఖరారు కాకపోతే ఐదు రోజుల గడువు ఉంటుంది. గడువు దాటితే రోజుకు రూ.100 చొప్పున పరిహారం చెల్లించాలని 2019లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఖాతాదారుడు అడగకపోయినా ఈ పరిహారం జమ చేయడం బ్యాంకు బాధ్యత. రోజు కూలీపై బతికేవారికి నిలిచిపోయిన రూ.500 ఒక పూట సరుకులతో సమానం. వ్యవస్థ విశ్వసనీయతకు అసలు కొలమానం అదే.