వేటకొచ్చిన గద్ద

2004 సెప్టెంబర్ 15. లండన్. సాయంత్రం నాలుగు దాటింది.

కామన్స్ సభలో పచ్చ తోలు బెంచీల మీద ఎంపీలు ఒదిగి కూర్చున్నారు. ముందు వరుసలో గ్రామీణ వ్యవహారాల మంత్రి అలున్ మైకేల్. వేటకుక్కల్ని ఉసిగొల్పి నక్కల్ని చంపించే వేటను నిషేధించాలా వద్దా అన్నది చర్చ. ఏళ్ల తరబడి నానుతున్న గొడవ. ఎవరు లేచి ఏం మాట్లాడతారో అందరికీ ముందే తెలుసు. తెలియనిదల్లా ఒక్కటే. స్పీకర్ కుర్చీ వెనక నడవాలో ఎవరో పరిగెత్తుకుంటూ వస్తున్నారు.

బూట్ల చప్పుడు. ఒక కేక. తెల్ల టీషర్టుల్లో వేట పక్షం కుర్రాళ్లు సభలోకి వచ్చిపడ్డారు. ఒకడు. ఇద్దరు. నలుగురు. అటువైపు నుంచి ఐదోవాడు. మంత్రి మొహం మీద వేలు ఆడిస్తూ అరుస్తున్నారు. నల్ల టెయిల్‌కోటు తొడుక్కుని తలుపుల దగ్గర హుందాగా నిలబడటమే ఉద్యోగంగా బతికిన డోర్‌కీపర్లు బెంచీల మధ్య వాళ్లని ఒడిసి పట్టుకుని, నడుం కావలించుకుని, కొందరిని నేలకేసి అదిమి, ఈడ్చుకుంటూ బయటికి లాక్కుపోతుంటే ఎంపీలు నోరు తెరుచుకుని చూస్తున్నారు. సభ ఆగిపోయింది.

మే నెలలోనే ఇదే సభలో ప్రధాని టోనీ బ్లెయిర్ మీద గ్యాలరీలోంచి వేరే ఆందోళనకారులు ఊదారంగు పిండి పొట్లాలు విసిరారు. అప్పటికే సందర్శకుల గ్యాలరీకి లక్షల పౌండ్లు పోసి అద్దాల తెర బిగించి ఉంది. జాగ్రత్తంతా పైనే. కుర్రాళ్లు కింద నుంచి వచ్చారు. 1642లో ఒకటో చార్లెస్ రాజు సైనికుల్ని వెంటేసుకుని ఐదుగురు సభ్యుల్ని పట్టుకోడానికి ఈ సభలోకి చొరబడ్డాడు. ఆ తర్వాత ఇలాంటిది ఇదే మొదటిసారని మర్నాడు పత్రికలు రాశాయి. అప్పుడు రాజు వెతుక్కుంటూ వచ్చిందీ ఐదుగురినే, ఇప్పుడు దూకిందీ ఐదుగురే. వీళ్లలో ఒకడు పాప్ గాయకుడు బ్రయాన్ ఫెర్రీ కొడుకు. ఇంగ్లండ్‌లో కుర్రాడు చట్టసభ మీద పడాలంటే ఆకలే కారణం కానక్కర్లేదు.

బయట పార్లమెంట్ స్క్వేర్ కిక్కిరిసింది. నిషేధం వద్దంటూ పదివేల మంది పైనే. ట్వీడ్ టోపీల రైతులు, గుర్రాల కాపరులు, నగలు పెట్టుకున్న దొరసానులు, వేటబూరలు ఊదే పిల్లలు. ఎవరో బారికేడ్ నెట్టారు. పోలీసుల లాఠీలు లేచాయి. బట్టతల మీంచి నెత్తురు కారుతున్న పెద్దమనిషి రుమాలు అదుముకుంటూ, తను పుట్టి బుద్ధెరిగాక పోలీసుల్ని ఎప్పుడూ ఎదిరించలేదన్నట్టు బిత్తరపోయి చూస్తున్నాడు.

ఇంత నెత్తురు ఎవరి గురించి? ఆమె ఆ ఊళ్లో లేదు.

ఆడనక్క. రాత్రంతా తిరిగి తెల్లారగట్ల ఇంటికొస్తుంది. ఇల్లుండదు. రాత్రి ఎవరో పారలతో వచ్చి బొరియ నోట్లో మట్టి కుక్కి పోయారు. చేసేది లేక ముళ్లపొదలో ముడుచుకుంటుంది. గడ్డి మీద మంచు ఇంకా కరగలేదు. పదకొండు గంటలవేళ ఎక్కడో గుర్రం సకిలిస్తుంది. తర్వాత బూర.

ముప్ఫై, నలభై కుక్కలు. వీటిని తరాలుగా వేగం చూసి కాదు, దమ్ము చూసి దాటించారు. నక్కకి కాలివేగం ఎక్కువ. కుక్కలకి అలుపు తక్కువ. కంచె దూకి, దున్నిన చేలో బురద తొక్కి, వాసన చెరిగిపోతుందేమోనని గొర్రెల మందలో దూరి, వాగులో పడి తేలి, తెలిసిన బొరియ దగ్గరికి చేరి, అది మూసుంటే ఇంకో బొరియకి, అదీ మూసుంటే మళ్లీ పొదలకి, తడిసి బరువెక్కిన తోక నేల మీద ఈడ్చుకుంటూ ఆమె పరిగెత్తుతుంది. ఎక్కడన్నా బొరియ తెరిచి దొరికినా బతికినట్టు కాదు. చిన్న టెర్రియర్ కుక్కని లోపలికి వదులుతారు. పైనుంచి పారలు దిగుతాయి. దొరికాక తోక ఒకరికి, తల ఒకరికి. మొదటిసారి వేటకొచ్చిన పిల్లవాడి బుగ్గకి నెత్తురు బొట్టు పెట్టే ఆచారమూ ఉండేది.

వేటగాళ్ల మాట వేరు. నక్క గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతుంది. కోళ్లగూట్లో దూరితే ఒక్కదానితో ఆగదు. తుపాకీ గురి తప్పితే అది పుండుతో వారాలపాటు కుళ్లి చస్తుంది, కుక్కల నోట పడితే క్షణాల్లో పోతుంది. ఇది కొట్టిపారేసే వాదన కాదు. 2000లో ప్రభుత్వం లార్డ్ బర్న్స్ అనే ఆర్థికవేత్త చేత విచారణ చేయించింది. పట్టుబడ్డాక సాధారణంగా సెకన్లలోనే ప్రాణం పోతుందని కమిటీ ఒప్పుకుంది. కానీ ఆ సెకన్ల ముందున్న పరుగు సంగతి? ఈ వేట నక్క క్షేమాన్ని తీవ్రంగా దెబ్బతీస్తుందని రాసింది. రిజిస్టరైన వేట గుంపులు ఏటా 21,000 నుంచి 25,000 నక్కల్ని చంపుతున్నాయని అంచనా కట్టింది. ‘క్రూరం’ అని మాత్రం ఎక్కడా అనలేదు. రెండు పక్షాలూ నివేదికని చంకన పెట్టుకుని గెలిచామన్నాయి.

గొడవ మళ్లీ సభకే వచ్చింది.

సెప్టెంబర్ 15నే, చొరబాటు జరిగిన ఆ సభలోనే, ఎంపీలు ఓటేశారు. బిల్లుకి 356, వ్యతిరేకంగా 166. కింది సభ పంపుతుంది, పై సభైన ప్రభువుల సభ తిప్పికొడుతుంది. తిప్పికొడితే మళ్లీ పంపుతుంది. చివరికి బ్లెయిర్ సర్కారు మెత్తబడింది. 2006 జులై దాకా నిషేధం వాయిదా వేద్దామని కామన్స్ ఒక మెట్టు దిగింది. వేటని ప్రాణంగా చూసుకునే ప్రభువులు దాన్నీ తోసిపారేశారు. చేతికందిన గడువుని చేతులారా వదులుకున్నారు.

నవంబర్ 18. సమావేశాల ఆఖరి రోజు. పొద్దుపోయింది. గడియారం ముల్లు మీదే అందరి కళ్లూ. స్పీకర్ మైకేల్ మార్టిన్ లేచాడు. ప్రభువుల అంగీకారం లేకుండానే చట్టం చేసే పార్లమెంట్ యాక్ట్ కింద బిల్లు వెళ్తోందని ప్రకటించాడు. 1949లో ఆ యాక్టుకి మార్పులు చేశాక అలా వాడటం ఇది నాలుగోసారి. మొదటిసారి నాజీ యుద్ధ నేరస్తుల మీద. నాలుగోసారి నక్క కోసం.

నిజానికి నక్క కోసమేనా? ఆ ఏళ్లలో ఆ సభల్లో దాని పేరు చెప్పి తిట్టుకున్నది ఎక్కువగా గుర్రం మీది వేటగాడి ఎర్రకోటు గురించి. ఒకరికది జమీందారీ పొగరు, ఇంకొకరికి తాతల నాటి పల్లె. పొదలో వగరుస్తున్న జంతువు సంగతి ఎవరికో గానీ గుర్తు రాలేదు. అందుకే కాబోలు, చట్టంలో కన్నాలు మిగిలాయి. బొరియల్లా ఎవరూ వాటిని పూడ్చలేదు.

2005 ఫిబ్రవరి 18న నిషేధం మొదలైంది. మర్నాడు శనివారం. దేశమంతా వేట గుంపులు బయల్దేరాయి. అవే గుర్రాలు, అవే బూరలు, అవే కుక్కలు. వాసన పట్టించిన గుడ్డని చేల వెంట ఈడ్చి కుక్కల్ని దాని వెనక పంపుతున్నాం, అంతే అన్నారు. దారిలో నిజం నక్క తగిలితే? అది ప్రమాదం. వేటాడే ఉద్దేశం ఉందని పోలీసులే రుజువు చేసుకోవాలి.

చట్టంలో ఇంకో వాక్యం ఉంది. తుపాకీతో కొట్టడానికి నక్కని బయటికి తోలాలంటే రెండు కుక్కలకి మించకూడదు. వేటపక్షి కోసం తోలితే మాత్రం ఎన్ని కుక్కలైనా ఉండొచ్చు.

2016 జనవరి 1. కేంబ్రిడ్జ్‌షైర్. ఫిట్జ్‌విలియం హంట్ గుర్రాలు బయల్దేరాయి, కుక్కలు బయల్దేరాయి. వాటితో పాటు ఒక గోల్డెన్ ఈగల్. కొండల్లో కుందేళ్లని తన్నుకుపోయే మహా గద్ద. కాగితం మీద ఆ రోజు వేట దానిదే. కుక్కలు ఊరికే సాయం. వేట నిరోధక కార్యకర్తలు కెమెరా పట్టుకుని ఉన్నారు. పొదల్లోంచి నక్క బయటపడింది. కెమెరా తిరుగుతోంది. పట్టుకున్నది గద్ద కాదు. కుక్కలు.

కేసు పీటర్‌బరో మేజిస్ట్రేట్ కోర్టుకి వచ్చేసరికి రెండేళ్లు పట్టింది. మేం గద్ద కోసమే నక్కని తోలామని కుక్కల్ని నడిపించిన హంట్స్‌మన్ తరఫు వాదన. జడ్జి వీడియో చూశాడు. నమ్మలేదు. 2018 ఏప్రిల్‌లో హంట్స్‌మన్ దోషి అని తేల్చాడు.

ఆ చట్టంలో జైలు లేదు. జరిమానా వేశారు. గద్ద మీద కేసేమీ పెట్టలేదు.