బందరు జిల్లాలో ఒక తునక

పాత కృష్ణా జిల్లా పటంలో ఒక తమాషా ఉండేది. జిల్లా హద్దు దాటి అవతల, నైజాం నల్గొండ కడుపులో ఒక తునక విడిగా కనిపించేది. అది మునగాల పరగణా. చుట్టూ నిజాం రాజ్యం, లోపల మద్రాసు చట్టం, జిల్లా కచేరీ మాత్రం ఎక్కడో సముద్రం పక్కన బందరులో! తెలంగాణ సాయుధ పోరాటం గురించిన పుస్తకాలు చదివేటప్పుడు ఆ తునక మనసులో ఉంటే, నిజాం మీద తిరుగుబాటుతో డెల్టావాళ్లకేం పని అన్న అనుమానం రాదు.

1946 జులై 4న కడవెండిలో ఆ పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగాడు. మరుసటి ఏడాదికే సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు ‘మా భూమి’ నాటకం రాశారు. విసునూరు దేశముఖ్ అనే భూస్వామికి ఎదురునిలిచి ప్రాణాలు పోగొట్టుకున్న షేక్ బందగీ కథ అది. కమ్యూనిస్టుల ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా ఆడాయి, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1979 నాటి సినిమాకు మూలం ఈ నాటకమే అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. పేరు ఒకటే, సినిమా కథకు ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల.

పోరాటం నడిపిన కమ్యూనిస్టుల మధ్య అసలు పేచీ పాతికేళ్లకు బయటపడింది. 1972లో ఆ పోరాటం మీద రెండు పుస్తకాలు వచ్చాయి. ఒకటి సీపీఎం ప్రధాన కార్యదర్శి పుచ్చలపల్లి సుందరయ్యది, లావుపాటి గ్రంథం. రెండోది సీపీఐ ప్రధాన కార్యదర్శి చండ్ర రాజేశ్వరరావుది, చిన్న పుస్తకం. ఈయనది కృష్ణా జిల్లానే, చల్లపల్లి దగ్గరి మంగళాపురం. మర్నాడు అన్నట్టు 1973లో పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి కూడా తన అనుభవాలు అచ్చువేశారు. 1948 సెప్టెంబరులో నిజాం లొంగిపోయాక తుపాకులు దించాల్సిందన్నది రావివారి మాట. 1951 దాకా పోరాడటం సరైనదేనన్నది సుందరయ్య వాదన. విముక్తమైన మూడు వేల గ్రామాలు, పంచిన పది లక్షల ఎకరాలు, నాలుగు వేల మంది మృతులు అని ఇప్పటికీ అందరూ చెప్పే లెక్కలు సుందరయ్యవే.

నాకు మాత్రం ఆ లావు పుస్తకంలో కళ్లు ఆగేది ఉయ్యూరు పక్క కాటూరు, గుడివాడ వైపు యలమర్రు దగ్గర. 1949. నిజాం లేడు, స్వాతంత్ర్యం వచ్చి రెండేళ్లు. కమ్యూనిస్టుల కోసం మద్రాసు ప్రభుత్వపు మలబారు పోలీసులు ఆ ఊళ్ల మీద పడ్డారు. మగవాళ్లను బయటికి లాగి, బట్టలు విప్పించి, గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు.